కొండకి సలాం

హయాత్ బాషాని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ కొండెక్కినప్పుడు మాత్రం దారి పొడుగునా తిట్టాను. అదీ చెప్పేస్తే ఓ పనైపోతుంది.

రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ళ క్వారీలో నేను స్టోర్ కీపర్ని. పేరు జోషువా, ఊరు నరసాపురం. కూర్చున్న చోటు నుంచి లేవడమంటే నాకు బొత్తిగా గిట్టదు. బాషా భాయ్‌ది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా డ్రిల్లు పట్టుకుని కొండకి కన్నాలు వేస్తున్నాడు. అందులో మందు కూరి పేల్చేవాళ్ళు వేరే. రాయిని రాయితో కొట్టి, మోగిన తీరు విని, ఇది గట్టిది, ఇది లోపల పగిలుంది అని చెప్పేసేవాడు. మంచి రాయి అయితే జేబులోంచి ఎర్ర చాక్‌పీసు తీసి ఇంటూ మార్కు పెట్టేవాడు. డ్రిల్లు అదురుకి చేతులు వణకడం మొదలయ్యాక, 2005 డిసెంబరులో, ఇక ఇంటికి పోతానని మేనేజరుకి, అదే మా ముదీర్‌కి చెప్పాడు. శనివారం పొద్దున ఆఫీసులో బతాకా, అంటే లేబర్ కార్డు, అప్పగిస్తే వీసా క్యాన్సిలు. మంగళవారం విమానం.

ఆ వారమే క్యాంపు టీవీలో, ఎక్కడో పెరూ దేశంలో అడవిలో పడి నడిచి, ఇన్కా రాజుల పాత ఊరు చూసొచ్చేవాళ్ళని చూపించారు. సున్నం, సిమెంటు లేని గోడలు. బాషా భాయ్ కంచంలో అన్నం చల్లారిపోతున్నా చూస్తూ కూర్చున్నాడు.

“ఆడికి మనం యాడ పోతాం గానీ జోషువా, మన క్వారీ ఎనక కొండ మీద గూడా పాత రాతిండ్లు ఉండాయంట. బేస్తవారం ఎక్కితే సుక్కురారం మాపటికి దిగొచ్చు. తోడు రాబ్బా.”

“ఏముందని భాయ్ అక్కడ?”

“పదకొండేండ్లు నా బిడ్డలకు అన్నం పెట్టిన కొండ. సలాం చెప్పకుండా ఎట్ల పోయేది?”

ఆ మాట విన్నాక వస్తానన్నాను. రెండు క్యాంపు దుప్పట్లు, ఖుబూస్ రొట్టెలు, డబ్బాలో పప్పు, ఖర్జూరాలు, నీళ్ళ సీసాలు, ఇంతే మా సరంజామా. ట్యాంకర్ నడిపే లచ్చన్న మమ్మల్ని వాదీ అనే ఎండు వాగు మొదట్లో దింపాడు. “రేపు మాపటికి ఈడనే ఉంట. మీరు దిగకపోతే నేనైతే ఎక్క, ముందే చెప్తున్న” అని వెళ్ళిపోయాడు.

టీవీ వాళ్ళకి అడవి దొరికింది. మాకు దొరికినవి ముళ్ళ తుమ్మలు, జారే రాళ్ళు, మేక పెంటికలు. పొద్దు గూకే వేళకి పైకి చేరాం.

పైన ఏడెనిమిది ఇళ్ళు, సగం నేలలోకి దిగిన రాతి ఇళ్ళు. అన్నీ పాడుబడ్డాయి. ఒక్కదానికే తలుపుంది, తలుపుకి తాళముంది. బాషా భాయ్ ఆ గోడల చుట్టూ పెళ్ళింట్లో చుట్టంలా తిరిగాడు. ప్రతి రాయినీ కొట్టి విన్నాడు. “దీన్ని చూడబ్బా, గంట మాదిరి మోగుతాండాది” అని మురిసిపోతూ చాక్‌పీసుతో గుర్తు పెట్టేశాడు. చేతికి అలవాటైన పని. అది తప్పని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. తాళమున్న ఇంటి మీదే పది గుర్తులు పడ్డాయి. అలిసిపోయి ఆ గోడ పక్కనే పడుకున్నాం.

తెల్లారి లేచేసరికి మేకల మధ్య ఒక అరబ్బు ముసలాయన నిలబడి ఆ గుర్తుల్ని చూస్తున్నాడు. తర్వాత మా ఒంటిమీద కంపెనీ జాకెట్లు చూశాడు. ఎర్ర గుర్తు పడ్డ రాయి మర్నాటికి ఉండదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

“బతాకా” అని చెయ్యి చాపాడు.

బతాకా అడిగితే, నువ్వెవరని అడక్కుండా ఇచ్చేయడం మాకు అలవాటైపోయింది. బాషా భాయ్ ఇచ్చేశాడు. ముసలాయన దాన్ని జేబులో వేసుకుని, తనకొచ్చిన హిందీలో, “ఇది మా నాన్న కట్టిన ఇల్లు. దీన్ని కూడా పగలగొడతారా? కార్డు పోలీసులకిస్తా. వాళ్ళకే చెప్పుకో. ఖలాస్” అన్నాడు.

కార్డు లేనిదే క్యాన్సిలు లేదు, క్యాన్సిలు లేనిదే విమానం లేదు. కేసు పడితే ఎన్ని నెలలో చెప్పలేం. నేను కాళ్ళావేళ్ళా పడటానికి సిద్ధమయ్యాను. బాషా భాయ్ మాత్రం “తప్పు నాదే బాబా, మాఫ్ చేయండి” అని ఒక్కసారే అని, తువ్వాలు తడిపి గుర్తులు తుడవడం మొదలుపెట్టాడు. మాకు తాగడానికి మిగిలిన నీళ్ళవి. ఒళ్ళు మండిపోయింది నాకు.

తుడుస్తూ ఇంటి వెనక్కి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే, వెనక గోడ ఒక మూల కూలిపోయి ఉంది. ఆయన పడిన రాళ్ళని ఏరి వరసగా పరుస్తున్నాడు.

“ముందు కార్డు సంగతి చూడు భాయ్.”

“ఇది మన పేలుళ్ళకే పడిందబ్బా. పగుళ్ళు కొత్తవి. చిన్న రాళ్ళు అందీ.”

గొణుక్కుంటూనే అందించాను. బాషా భాయ్ వాళ్ళ నాన్న ఊళ్ళో చేలకి రాతి గోడలు కట్టేవాడట. భాయ్ కూడా ఒక్కో రాయినీ తిప్పి చూసి, కుదురుగా కూర్చోబెట్టి, సందులో చిన్న పలక దోపుతున్నాడు. టీ గ్లాసు పట్టుకోలేని చేతులు రాయి మీద కాస్త కూడా వణకలేదు. దూరంగా కూర్చున్న ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చాడు. ఒక రాయి తీసేయమని, వేరేది చూపించాడు. బాషా భాయ్ సరేనన్నాడు. కాసేపటికి ముసలాయనే నన్ను పక్కకి తప్పించి రాళ్ళందించాడు. తన క్యానులో నీళ్ళు మా ఇద్దరికీ పోశాడు. ఆ పూట నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఎండ నడినెత్తికొచ్చేసరికి గోడ లేచింది. ముసలాయన భుజంతో నెట్టి చూశాడు, కదల్లేదు. జేబులోంచి కార్డు తీశాడు గానీ వెంటనే ఇవ్వలేదు.

“అసలు ఎందుకొచ్చావు నువ్విక్కడికి?”

పదకొండేళ్ళు కింద డ్రిల్లు పట్టి ఇప్పుడు ఊరెళ్ళిపోతున్నానని, ఈ కొండకి సలాం చెప్పడానికి వచ్చానని బాషా భాయ్ అన్నాడు. ఊళ్ళో ఇల్లు, ఇద్దరు బిడ్డల చదువు, అన్నీ ఈ రాయి పెట్టినవేనన్నాడు.

ముసలాయన కార్డుని ఆయన చేతిలో పెట్టాడు, ఆ చేతిని మాత్రం వదల్లేదు.

“పేలిన ప్రతిసారీ ఇక్కడికొచ్చి, పడిన రాళ్ళు చూసి, కింద ఉన్నవాణ్ణి శపించేవాణ్ణి. పదకొండేళ్ళుగా శపించింది నిన్నే అయ్యుంటుంది” అన్నాడు. “నువ్వే నన్ను మాఫ్ చెయ్యాలి.”

బాషా భాయ్ ఆ ముసలి చేతిని తీసుకుని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.