కణత మీద జెల్లీ

విజయనగరం నుంచి భోగాపురం వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలి మత్స్యకారుడు కూర్చున్నాడు. ఒళ్లోని ఎండుచేపల సంచి మూతి ఊడిపోయేసరికి అందరూ ముక్కులు మూసుకుని కసిరారు. వణికే చేతులతో సంచి కట్టి ఆయన నావైపు చూశాడు.

"నీకు వాసన రానేదేటి బాబూ?"

కొన్నాళ్లుగా ఏ వాసనా తెలియడం లేదన్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"నాకూ ముందు వాసనే పోనాది. రెండేళ్లకి సేతులు వణికినాయి. కడుపుతో ఉన్నోలకి సేసే స్కానింగే, కణత మీద జెల్లీ రాసి నా తలకి సేసినారు. మెదడులో తెల్లమచ్చ కనబడినాదంట. పార్కిన్సన్ జబ్బన్నారు."

"నాది జలుబేమో," అన్నాను.

"నానూ జలుబే అనుకున్నాను బాబూ."

ఆయన దిగిపోయాక నా చేతులు చాపి చూసుకున్నాను. ఆ ఏడాది మాత్రం అవి వణకలేదు.