చెరువు మీద రెండు దెబ్బలు

సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా అక్క పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది, అందుకే గుర్తు. ఇక్కడి దాకా చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆ తర్వాత రెండు గంటల్లో జరిగింది చెబితే మాత్రం... ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. కథలు చదువుతాను గానీ కల్పించడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అదేమిటని మాత్రం నన్ను అడగొద్దు.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట. అక్కావాళ్ల క్వార్టర్ సెంటినరీ కాలనీలో. బావ పేరు ఓదెలు. గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఆయన జత సాంబయ్య. పద్నాలుగేళ్లు ఇద్దరూ కలిసి దిగారు.

ముందు సాంబయ్య వెళ్లేవాడు. పొడుగాటి కట్టెతో పైకప్పును కొట్టి వినేవాడు. రాయి గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల డొల్ల అయితే ఇంకో చప్పుడు. రెండు దెబ్బలు కొట్టి ఆగేవాడు. బాగుందనుకుంటే మూడోది కొట్టేవాడు. మూడోది వినపడితేనే బావ దుంగ భుజాన వేసుకుని ముందుకు నడవాలి. వినపడకపోతే వెనక్కి. మాటలుండవు. అది ఎవరూ నేర్పింది కాదు, వాళ్లిద్దరూ పెట్టుకున్న పద్ధతి.

ఆ సాయంత్రానికి ఐదు వారాల ముందు పైకప్పు కూలి సాంబయ్య పోయాడు. ఆ రోజు నుంచి బావ డ్యూటీకి పోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. మర్నాడు పొద్దున ఫస్ట్ షిఫ్టుకు రాకపోతే పేరు కొట్టేస్తామని కాగితం కూడా వచ్చింది.

"నా మాట ఇంటలేడు తమ్మీ," అంది అక్క. "జర చెరువుకన్న తీస్కపో. నీళ్లల్ల దిగితే మనిషైతడు."

అక్క చెప్పింది నిజమే. ఆ చెరువు కాలనీకి రెండు కిలోమీటర్లు. ఎండాకాలం చివర మోకాళ్ల లోతుకు మించి ఉండేది కాదు. దండెం మీది బట్టల మీద, కిటికీల మీద, మూత మరిచిపోతే అన్నం మీద కూడా బొగ్గు దుమ్ము పడే చోటు మాది. అక్కడ ఆ నీళ్లలో చెయ్యి పెడితే గోళ్లు తెల్లగా కనిపించేవి. అంతకన్నా నేను పొగడలేను.

ఎలాగో లేపి తీసుకెళ్లాను. బావా నేనూ ఊతలతో దిగాం. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. చేప మీద టక్కున దించి, పైనున్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి పట్టుకోవాలి. లోతు నీళ్లలో పనికిరాదు.

"బామ్మర్దీ, గది ఊత. బడి గంట గాదు. గట్ల కొట్టకు," అన్నాడు బావ.

"నువ్వే సూపియ్యి మరి. ఐదు వారాల సంది మంచం దిగనోనివి."

నవ్వాడు. అన్ని రోజుల తర్వాత ఆ నవ్వు వినడం. తర్వాత వేలెత్తి నన్ను ఆగమన్నాడు. తల కొంచెం పక్కకు వంచాడు. నాకేమీ వినపడలేదు. ఆయనకు వినపడింది. ఊత దిగింది, వెదురు వణికింది, చెయ్యి లోపలికి పోయింది... మూరెడు కొర్రమట్ట. చీకట్లో, చెవితో. అలా మూడు పట్టాడు. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపినా ఆ చెవికి సరిపోవని ఆ పూట అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఇదే అదను అనిపించింది.

"రేపు డ్యూటీకి పోతవా బావా?"

బావ చేపల సంచి మూతి బిగించాడు.

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె," అన్నాడు. "గా దినం నేనే అన్న. టైమైంది, ఇంకేం కొడ్తవ్ తియ్, జల్ది కానియ్యి అన్న. పద్నాలుగేండ్లల్ల ఒక్క దినమే అన్న. వాడు కొట్టలే. నా మాటిని లోపలికి పోయిండు." ఊత అంచు తడుముతూ, "మీ అక్కకు గూడ తెల్వదు ఇది. వాడు నన్ను మాఫ్ చేస్తడారా?" అన్నాడు.

 నేను ఊత ఎత్తుకుని ముందుకు నడిచాను. ఎనిమిది కావస్తోంది. వెన్నెల లేదు. నాలుగడుగుల వెనక బావ.

అప్పుడు...

టక్.

కట్టె రాయికి తగిలిన చప్పుడు. గట్టిగా కాదు. పనిమంతుడు కొట్టినట్టు... తూచి.

టక్.

ఆ చెరువులో రాయి లేదు. అడుగంతా బురద. అయినా ఆ చప్పుడు నీళ్లలోంచి రాలేదు. పక్క నుంచి రాలేదు. పైనుంచి వచ్చింది. నా తలకు సరిగ్గా పైన.

తల ఎత్తి చూశాను. చుక్కలున్నాయి. ఇంకేమీ లేదు.

వెనక్కి చూస్తే బావ వంగి ఉన్నాడు. ఒక చెయ్యి తల మీద పెట్టుకుని, మోకాళ్లు వంచి... గనిలో పెళ్ల రాలేటప్పుడు వంగినట్టు. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేని చోట. ఇంకో పూటయితే నవ్వేవాణ్ని.

నేనూ విన్నాను, ఆయనా విన్నాడు. ఇద్దరం మూడోదాని కోసం ఆగాం. కప్పలు అరవడం మానేశాయి. నా కాళ్ల దగ్గర నీళ్లు కదలడం లేదు... మూడోది రాలేదు. ఎంతసేపు ఆగామో తెలియదు. రాలేదు.

ఒక అడుగు ముందుకు వేయబోయాను. ఎందుకో తెలియదు, భయంతో కావచ్చు. బావ నా చొక్కా కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఊత నా చేతిలోంచి జారింది.

"వెనుకకు రా. మల్లకు. ఎట్ల పోయినవో గట్లనే వెనుకకు..."

వీపు గట్టువైపు పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఒడ్డెక్కాం. చేపల సంచి ఎక్కడ పడిందో తెలియదు.

"ఇన్నవా?" అన్నాడు.

"ఇన్న."

"ఎన్ని?"

"రెండే."

కూలబడి ఏడ్చాడు. సాంబయ్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

"కోపమున్నోడు చెప్తడారా?" అన్నాడు. "నా మీద కోపముంటే ఎందుకు చెప్తడు?"

ఇంటికి నడిచాం. గుమ్మం దగ్గర, "పొద్దుగాల డబ్బా కట్టుమను మీ అక్కను," అన్నాడు.

తెల్లారి ఆయన షిఫ్టుకు వెళ్లాడు. నేను చెరువుకు వెళ్లాను. నా ఊత మేము ఆగిన చోటికి కొంచెం ముందు, పక్కకు ఒరిగి తేలుతోంది. గట్టు మీద బర్లు కాసే ముసలాయన అరిచాడు.

"అటు పోకు సారూ! నిరుడు ఇటుకలకని మట్టి తీసిండ్రు. మొన్న గా గుంతల్నే బర్రె మునిగింది."

ఆయన దగ్గర వెదురుగడ తీసుకుని, చూసుకుంటూ అక్కడిదాకా వెళ్లి ముందుకు దించాను. నా కంటే పొడుగు గడ. అడుగు తగల్లేదు. నాకు ఈత రాదు.

ఎవరో గట్టు మీద బర్రెను కట్టడానికి గూటం కొట్టి ఉండొచ్చు. నీళ్ల మీద చప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలియదంటారు. ఏ గని నుంచో వచ్చి ఉండొచ్చు. అన్నీ ఆలోచించాను. అయితే పైనుంచి ఎందుకు వినపడాలి? రెంటితో ఎందుకు ఆగాలి? ఒకే భ్రమ ఇద్దరికీ లెక్క తప్పకుండా కలుగుతుందా? తెలియదు. ఇన్నేళ్లయినా తెలియదు.

బావ ఆ తర్వాత ఒక్క డ్యూటీ తప్పలేదు. చెరువుకు మాత్రం పగలే వెళ్లేవాడు. పట్టిన వాటిలో మొదటి చేప సాంబయ్య భార్య రాజవ్వకు ఇచ్చాకే ఇంటికి వచ్చేవాడు.  గిన్నెలో వేసి, నీళ్లు తాగి వచ్చేవాడట.

తెలంగాణ వచ్చిన ఏడాది బావ నిద్రలోనే పోయాడు. అప్పటికే నేలంతా పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు తవ్వకం ఆ చెరువు దాకా వచ్చింది. నేనొకసారి గోదావరిఖని బజారులో కొర్రమట్ట కొని రాజవ్వ ఇంటికి తీసుకెళ్లాను.

"కొన్నదా అన్నా?" అంది చూడగానే.

"అవునమ్మా."

తీసుకుంది. నాకు నీళ్లిచ్చింది. నేను లేచేటప్పుడు, "ఇగ తేకు అన్నా," అంది. "ఓదెలన్న తెచ్చుడు వేరే."

ఇప్పుడు ఆ ఇంటికి ఎవరూ చేప తీసుకుపోవడం లేదు.