చిక్కిపోయానట!

ఈస్టర్ అయినప్పటి నుంచి పొద్దున్నే నడుస్తున్నాను. నర్సమ్మ చెప్పినట్టు పస్తులుండకుండా, అన్నం కాస్త తగ్గించి కూర ఎక్కువ తింటున్నాను. సన్నబడ్డావని ఒక్కరూ అనలేదు.

ఈ రోజు జగ్గయ్యపేట వెళ్ళే ఆటోలో పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసి, మా అత్తయ్యను పట్టుకుంది.

"ఏంది వదినా, కోడలు ఇట్టా చిక్కిపోయింది? అన్నం పెట్టట్లేదా?"

"అయ్యో, తనే కావాలని తగ్గుతుంది వదినా!"

"ఆఁ, అత్తలందరూ అట్టాగే అంటార్లే!"

ఆటో అంతా నవ్వింది. నేను తల దించుకున్నాను గానీ, లోపల ఒకటే సంబరం.

ఇంటికి రాగానే అత్తయ్య నా కంచంలో అన్నం గుట్టగా పెట్టి, నెయ్యి పోసి, "ఆదివారం చర్చిలో ఆవిడ అందరి ముందూ మళ్ళీ అంటుంది. ఈలోపు కాస్త ఒళ్ళు చెయ్యమ్మా" అంది.

రేపటి నుంచి నడకకు అత్తయ్యను కూడా తీసుకెళ్తాను. ఇద్దరం చిక్కితే అన్నం పెట్టట్లేదని ఎవరిని అంటారో చెప్పండి!