నేను వెనక్కి పంపిన పాలు

పాలు పరీక్ష చేసేవాడు ఇంట్లో వైద్యం మొదలుపెడితే ఎలాంటి ప్రళయం వస్తుందో చూడాలనుందా? అయితే కాస్త దూరంగా కూర్చుని వినండి.

మాది పలమనేరు. పాలకేంద్రంలో పాలు పరీక్షించి తీసుకోవడం నా పని. ఆవుకు పొదుగువాపు వస్తే ఆ పాలు వెనక్కి పంపాలి. ఈ ఒక్క ముక్క తెలిసినందుకే నేను సగం డాక్టరునని నమ్మేవాణ్ణి.

మా పాప పుట్టిన నెలకు నా భార్య సుజాతకు ఒక రొమ్ము ఎర్రగా వాచి రాయిలా గట్టిపడింది. చలిజ్వరం. నేను గడపలోనే నిలబడి తీర్పు చెప్పేశాను.

"ఇది పొదుగువాపే. బిడ్డకు పాలియ్యొద్దు, చెడిపోయుంటాయి."

"పొదుగేంది మామా, నేనేమన్నా జెర్సీ ఆవునా?"

"ఊరికే ఉండు మే. దినామూ ఎన్ని పాలు సూస్తాండా నేను!"

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. నేను ఆవును చేలో, దూడను గట్టున కట్టేసి మధ్యలో కాపలా కూర్చున్నాను. పాప డబ్బాపాలు ఉమ్మేసి, మొగిలి ఘాట్ రోడ్డు ఎక్కే లారీలా హారన్ కొట్టింది. సాయంత్రానికి వాపు పెరిగింది, జ్వరం పెరిగింది. చెయ్యి ఎత్తలేక సుజాత ఏడ్చింది. అప్పుడు భయమేసింది. భయమేస్తే ఎవరైనా ఆసుపత్రికి పోతారు. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"సార్, పొదుగువాపు. జ్వరం గూడా ఉండాది. ఏం సూది వెయ్యాల?"

"ఈని ఎన్నాళ్ళయింది?"

"నెల సార్."

"మేత తింటాందా?"

"పొద్దున ఇడ్లీ తినింది సార్."

"ఇడ్లీ తినే ఆవు యాడిదప్పా?"

"ఆవు గాదు సార్... మా ఇంటామె."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఫోను పెట్టి ఆటో పిలువు!"

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, పాలు ఆపిన సంగతి విని, "క్రిములు చేరినాయి. మందు రాస్తాను, పాలిస్తానే వేసుకోవచ్చు. ఇంతకీ బిడ్డకు ఎందుకు ఆపినారు?" అంది.

సుజాత నావైపు చూసింది. ఆ చూపు జ్వరం కన్నా వేడి.

"నేనే రిజెక్ట్ చేసినా మేడం."

"నువ్వెవురప్పా రిజెక్ట్ చేసేదానికి? ఈ పాలు బిడ్డనేం చెయ్యవు. తాగనీకుండా నిలవ పెడితేనే వాపు ముదిరి చీము పట్టేది. బిడ్డకు పట్టు తల్లీ."

పాప నోరు పెట్టగానే సుజాత మొహం నొప్పికి ముడుచుకుంది. తర్వాత మెల్లగా విప్పుకుంది. గుటకల చప్పుడు నాకు వినిపించింది. మందులతో, పాప పుణ్యంతో కొద్దిరోజుల్లోనే వాపు తగ్గింది.

"సూస్తివా మామా," అంది సుజాత, "నీ కన్నా నీ కూతురే పెద్ద డాక్టరు."

కాబట్టి ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా, ఆటో పిలవడం వరకే నా వైద్యం. బేరం కూడా ఆడను.