అవ్వ కొట్టి చూసిన కుండ

వేడినీళ్లలో నానుతున్న మట్టి గిన్నె వాసన ఎలా ఉంటుందని బహ్రెయిన్‌లో ఎవరినైనా అడిగితే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకొని నీడకు తీసుకెళ్తారు. నాలుగు చినుకులు రాలితే ఫోన్లలో వీడియో తీసి ఊళ్లకు పంపుకునే చోటు ఇది. అలాంటి చోట, మొన్న శుక్రవారం, అరాద్‌లో నేను కారు నడిపే జపాను మేడం ఇంట్లో, తొలకరి పడ్డ వాకిలి వాసన నన్ను చెవి పట్టుకొని, వీసా టికెట్టు లేకుండా, జగిత్యాల దాపున ఉన్న మా పల్లెకు లాక్కుపోయింది.

మేడం తన స్నేహితురాళ్లకు వాళ్ల పద్ధతిలో చాయ్ పోస్తోంది. రావలసిన ఒకావిడ రాకపోతే, ఆ చోటు ఖాళీగా ఉంచడం ఇష్టం లేక నన్ను కూర్చోమంది. అది మనం ఉఫ్‌మని ఊది గుటుక్కున మింగే చాయ్ కాదు. ఆమె గరిటె ఎత్తి దించేలోపు తుబ్లీలో నేను పంచుకునే రూములో వాళ్లంతా స్నానాలు చేసి, డ్యూటీకి పోయి, ఓవర్‌టైం కూడా చేసి రావచ్చు. చివరికి ఆకుపచ్చ నురగతో ఆ గిన్నె నా ముందుకొచ్చింది. నల్లగా, చేత్తో చేసినట్టు తెలిసిపోతూ, ఒక పక్క భుజం జారినట్టు వంకరగా ఉంది. తాగాక దాన్ని రెండు చేతుల్లో తిప్పి, అడుగు చూసి, మెచ్చుకోవాలట. పక్కావిడ తన వంతులో పసిబిడ్డను చూసినట్టు చూసింది. నేనూ తిప్పాను, అడుగు చూశాను. అక్కడితో ఆగితే పరువు దక్కేది. నా కుడిచేయి నన్నడగకుండానే లేచి, వేలి కణుపుతో గిన్నెను టక్కుమని కొట్టింది.

పక్కావిడ గబుక్కున గిన్నె కింద రెండు చేతులూ పట్టింది.

ఈ నేరంలో ఏ1 మా అవ్వ, మా నాన్నను కన్న తల్లి. ఎండలు ముదరకముందే ఆమె కుమ్మరి ఓదెలు తాత వాకిట్లోకి కుండలకు బయలుదేరేది, వెనక నేను. కాలిన వరిగడ్డి బూడిద, తడి మట్టి, తాత చుట్ట పొగ కలిసిన ఆ వాకిట్లో అవ్వ నడుం మీద చెయ్యి పెట్టి నిలబడితే హైకోర్టు కూర్చున్నట్టే. కుండను వాసన చూసేది, నాలుకతో తాకి మట్టి దాహం చూసేది, సూర్యుడికి అడ్డం పట్టి చిల్లులు వెతికేది, ఆఖరున వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేది. ఆ చప్పుడుకు చెరువు అవతలి ఊళ్లో ఎడ్లు చెవులు నిక్కించేవని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నెగ్గిన రంజన్లో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. నెగ్గిన కుండలో ఉగాదికి వేపపువ్వు, మామిడికాయ, పుట్నాలు కలిపిన పచ్చడి ఊరంతా తాగినా తరిగేది కాదు. ఓడిన కుండలు మా ఏడుపెంకులాటకు పెంకులయ్యేవి.

మా చిన్నత్త పెండ్లి కుదిరిన ఏడు తాత చేతులకు వణుకు వచ్చింది. కుండలు వంకరపోసాగాయి, కొనేవాళ్లు మెల్లగా దారి మార్చారు. పెండ్లికి ఐరేని కుండలు, అదే, సున్నం పూసి బొమ్మలేసి, మేళతాళాలతో కుమ్మరి ఇంటి నుంచి నెత్తిన పెట్టుకొని తెచ్చే కుండలు, తరతరాలుగా ఆ ఇంటివే. అవి కూడా ఆ ఇంటి నుంచి రాకపోతే తాత ఇక కుండలు చేసే సారె ముట్టడని ఊరంతా అనుకుంటోంది.

"జగిత్యాల నుంచి తెప్పిస్తనే," అన్నాడు మా పెద్దబాపు. "ఆ వంకర కుండలు సూసి పెండ్లోళ్లు నవ్వరా?"

"కుండకేమన్న పెండ్లిసూపులారా?" అంది అవ్వ. "ముందుగాల మోగుతదో లేదో సూసొస్త."

మేం వెళ్లేసరికి తాత అటు తిరిగి కూర్చున్నాడు. "సూసుడెందుకు వదినే, తీస్కపో. పైసలు గూడ వద్దు."

"ఊకె ఇచ్చింది ఊకెనే పగుల్తది. జరుగు."

అవ్వ కొట్టింది. మొదటి వంకర కుండ ఖంగుమంది. రెండోదీ మోగింది. మూడోదాన్ని కొట్టి, చెవి ఆనించి, మళ్లీ కొట్టి, మూతి విరిచింది. "ఇది మూగది మరిదీ. పక్కకు పెట్టు."

తాత ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను. తాత ఇటు తిరిగాడు. "ఏదీ?" అంటూ లేచొచ్చి, వణికే వేలితో తనూ కొట్టి చూసి, "అవునే వదినే, మెడకాడ బీట," అని పళ్లులేని నోరంతా తెరిచి నవ్వాడు. వెంటనే సారె మీద మట్టి ముద్ద వేశాడు. అవ్వ ఆ రోజు జాలిపడి అన్నీ ఎత్తుకొస్తే తాత ఆ సారెను పొయ్యిలో పెట్టేవాడే. ఒకదాన్ని కాదన్నందుకే మిగతావి కుండలయ్యాయి. పెండ్లినాడు ముత్తయిదువల నెత్తిన అవి తలో దిక్కుకు వంగి, కల్లు తాగిన చుట్టాల్లా ఊగుతూ వచ్చాయి. పెండ్లోళ్లు నవ్వారు కూడా. అందరికంటే గట్టిగా తాతే నవ్వాడు.

"ప్రాబ్లం?" అంది మేడం, తెల్లబోయిన మొహంతో.

"నో ప్రాబ్లం మేడం," అన్నాను. తర్వాతి మాట నాకు తెలుగులోనే వచ్చింది. "మంచిగ మోగింది." కంచులా ఖంగుమని కాదు, గొంతు తగ్గించి పెద్దమనిషి మాట్లాడినట్టు.

మేడం గిన్నె తీసుకుంది. వేలు మడిచి, తలుపు తట్టినట్టు మెల్లగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. స్నేహితురాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అవ్వ లేదు, తాత లేడు, ఆ వాకిట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. పోయిన నెల మా చెల్లె బిడ్డ పెండ్లిని వీడియోకాల్‌లో చూశాను. ఐరేని కుండలు టెంటుహౌసు నుంచి వచ్చాయట. మెరిసే రంగులతో, యూనిఫాం వేసుకున్న బడిపిల్లల్లా వరుసగా కూర్చున్నాయి.

"ఒక్కదాన్ని కొట్టి సూడవే," అన్నాను చెల్లెతో.

"ఎందుకన్నా? అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయిగా."

నిజమే. కాదనడానికి అందులో ఒక్కటీ లేదు.