బ్యారేజీ ఫొటోలో నాన్న

ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులో పని మానేశాక నాన్నకు సాయంత్రాలు తోచేది కాదు. నేను కెమెరా తీసుకుని కృష్ణ ఒడ్డుకు బయల్దేరితే బండి వెనక ఎక్కేవారు. బ్యారేజీకి దిగువన ఇసుకలో నిలబడితే సూర్యుడు సరిగ్గా గేట్ల వెనక్కి దిగుతాడు. ఆ కాసేపటి వెలుగు కోసం వారాల తరబడి తిరిగాను. నాన్నకు ఫొటోల గొడవ పట్టేది కాదు. నీళ్ల అంచుదాకా వెళ్లి, నడుం మీద చెయ్యి వేసుకుని అటే చూసేవారు. ఒకరోజు ఆయన నిలబడ్డ తీరు బాగుందనిపించి, కదలొద్దన్నాను. ఎందుకని కూడా అడగలేదు. వెలుగు ఎదురుగా ఉండటంతో గేట్లతో పాటు ఆయనా నల్లగా పడ్డారు. ఆ ఫొటో ఒక స్నేహితుడికి వాట్సాప్‌లో పంపాను.

తర్వాతి వానాకాలం బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మేం మేడ మీదికెక్కి బతికాం గానీ ఆల్బమ్‌లు, నా కెమెరా, ఫోను, ఫొటోలు దాచిన హార్డ్‌డిస్కు అన్నీ బురదపాలయ్యాయి. క్రిస్మస్ రాకముందే నాన్న గుండెపోటుతో పోయారు.

నాన్న జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థనకు పెట్టుకున్న ఆదరణ కూడికకు ఫొటో కావాల్సి వచ్చింది. బంధువుల పెళ్లి ఫొటోల్లో ఆయన ఎప్పుడూ వెనక వరుసలో, ఎవరిదో భుజం చాటున ఉన్నారు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించి తెస్తే, పోలీసులు పట్టుకున్న మనిషిలా ఉన్నారని అమ్మ పక్కన పెట్టేసింది. చివరికి స్నేహితుణ్ణి అడిగి బ్యారేజీ ఫొటో తెప్పించాను. స్టూడియోలో వెలుగు ఎంత పెంచినా, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చే తేలింది.

"ఇందులో ముఖం లేదమ్మా," అన్నాను.

అమ్మ చాలాసేపు చూసింది. "ఆ నిలబడటం ఆయనదేరా. ఇదే పెట్టు."

కూడికకు వచ్చినవాళ్లు ఫొటో ముందు ఆగి వెతుక్కున్నారు. ఎక్కడున్నారమ్మా అని పాస్టరుగారు మెల్లగా అడిగితే, అమ్మ లేచి వెళ్లి వేలు పెట్టి చూపించింది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లకీ అలాగే చూపించింది. సాయంత్రానికి ఫ్రేము అద్దం మీద ఆ చోట మరక కట్టింది.

కొన్నాళ్లకు తనే అడిగి నాతో ఒడ్డుకు వచ్చింది. నాన్న నిలబడ్డ చోటుకి వెళ్లి నిలబడింది. పొద్దు వాలుతోంది. నేను ఫోను ఎత్తగానే వెనక్కి తిరిగింది.

"అక్కణ్ణుంచి కాదు. ఇటొచ్చి తియ్యి. నా ముఖం కనపడాలి."

"అప్పుడు బ్యారేజీ రాదమ్మా."

"రాకపోతే పోయిందిలే."

చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, బ్యారేజీకి వీపు పెట్టి నిలబడ్డాను. ఎండ సూటిగా ముఖాన పడి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెప్ప వాల్చలేదు. సరిగ్గా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను.