మగ్గం కింద ఊడ్వలేదు

మాది గద్వాల, నేతోళ్ల ఇల్లు. చీర నేసుడైపోయి మగ్గం మీదికెళ్లి కోసేదాక అమ్మ మగ్గం కింద ఊడ్వనియ్యదు. తెగిన పోగు కూడా అక్కరకొస్తదంటది. హైదరాబాద్ ల్యాబ్‌ల నాదీ అదే తీరు. పారబోసేవి కూడా విడివిడి సీసాలల్ల దాస్తుంటే అందరు నవ్వేటోళ్లు.

మేం కొత్త మందు అణువును సన్నటి పూసలకు అంటించి, ఒక్కో ముక్క కలుపుకుంట మెల్లగ పెంచుతం. ప్రతిసారి పూసలు ఉంచుకొని, కడిగిన ద్రవం పారబోస్తం. ఆఖరుకు మాత్రం అణువు పూసలను వదిలి ద్రవంలకొస్తది. ఆ రోజు నా జూనియర్ స్వప్న అలవాటుకొద్దీ ఆ ద్రవమే పారబోసింది. నెలల కష్టం. నేను ఉరికిపోయి అడిగిన.

"దేంట్ల పోసినవ్?"

"నువ్వు పెట్టిన ఖాళీ సీసాలనే, అక్కా," అన్నది ఏడుస్తూ.

పరీక్ష చేస్తే మా అణువే, ఏ మలినం లేకుండ వచ్చింది. నవ్వినోళ్లే చప్పట్లు కొట్టిన్రు. అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పిన.

"చీర కోసినవ్ గద బిడ్డా, ఇగ ఊడ్చుకో," అన్నది.